పూజిత గీసిన మూత

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను మా ఎదురింటి పూజిత చాయ్ కూడా పోయకుండా సాగనంపిందని ధారూర్ స్టేషన్ నుంచి వికారాబాద్ బస్టాండ్ దాకా చెప్పుకుంటున్నారు. చాయ్ పోయని మాట నిజమే. ఇంట్లో పాలు లేవన్నది మాత్రం అబద్ధం. పాలు క్యాన్‌లో ఉన్నాయి, క్యాన్ మూత రాలేదు. నేను అక్కడే ఉన్నాను. ఎవరూ పిలవలేదనుకోండి, అయినా ఉన్నాను.

పూజిత తాండూరులో, బండల పాలిష్ మిషన్లకు సామాన్లు చేసే వర్క్‌షాపులో పని చేస్తుంది. ఇనుము కోయకముందే దాని బొమ్మను కంప్యూటర్‌లో గీస్తుంది. వాళ్లమ్మ మైసమ్మ రోజూ రైల్లో వికారాబాద్‌కు పాలు తీసుకుపోతుంది. ఒకనాడు తోపులాటలో మూత ఊడి, పాలన్నీ ఒక పెద్దమనిషి ఇస్త్రీ ప్యాంటు పాలయ్యాయి. ఆయన తిట్లు రైలు దిగినా ఆగలేదట. అప్పటినుంచి పూజితకు ఊడని మూత పిచ్చి పట్టింది.

మూత అంచుకు వంపు గాడి పెట్టాలి. క్యాన్ మెడకున్న బుడిపె అందులోకి దూరి, పక్కకు తిరిగి, చివర చిన్న గుంటలో కూర్చోవాలి. లోపల పెట్టిన రబ్బరు రింగు ఆ మూతను పైకి తంతుంటుంది కాబట్టి ఎంత కుదిపినా బుడిపె గుంటలోంచి కదలదు. మొదట కంప్యూటర్‌లో చదునుగా గీసి తిన్నగా కోస్తే, గుండ్రటి అంచు మీద గాడి వంకరపోయింది. అప్పుడు కాగితం మీద గీసి స్టీలు గ్లాసుకు చుట్టి చూసుకుంది. కంప్యూటర్‌లోనూ గీతను అట్లాగే మూతకు చుట్టి కోసింది. ఆ గ్లాసును కిటికీలోంచి చూసి చేతబడి అన్నవాళ్లున్నారు. పేర్లు అడగకండి.

వర్క్‌షాపు ఇమాముద్దీన్ లేత్ మీద చేసిచ్చిన ఆ మూతను క్యాన్‌కు బిగించిన రోజే పెళ్లిచూపులవాళ్లు దిగారు. పిల్లగాడు పరమేశ్ చూడ్డానికి బాగానే ఉన్నాడు. వాళ్లమ్మ నాగరాణి కూర్చుంటూనే తేల్చేసింది.

"లగ్గమైనంక తాండూరు పోవుడు, కంప్యూటర్ ముంగట కూసునుడు బంద్."

సంబంధం ఎక్కడ పోతుందోనని మైసమ్మ తలూపింది. పూజిత తలూపలేదు. చాయ్ పెట్టమన్నారు.

ముందు మైసమ్మ మూత లాగింది. తర్వాత పరమేశ్, కాలు అడ్డం పెట్టి మరీ. ఆ మూత గీసింది ఈ పిల్లేనని నేను చెప్పాను, విని కూడా లాగుతూనే ఉన్నారు. పిల్లగాడి మేనమామ పంచె ఎగగట్టి, క్యాన్‌ను ఒళ్లో పెట్టుకుని కుస్తీ పట్టాడు. క్యాన్ గెలిచింది. రైలుకు టైమైందని నాగరాణి మూతి ముడుచుకుని లేచింది.

వాళ్లు సందు మలుపు తిరిగాక పూజిత వచ్చి, మూతను అరచేత్తో కిందికి నొక్కి, తిప్పింది. వచ్చేసింది. చాయ్ నాకు దక్కింది. రెండు గుటకలు తాగి అడిగేశాను.

"నిజం జెప్పు బిడ్డా. నొక్కి తిప్పాలెనని నీకెరుకనే గదా. గంత సేపు గమ్మున ఎందుకున్నవ్?"

పూజిత నా గ్లాసులో ఇంకాస్త పోసింది.

"గీసింది నేనేనని నువ్వు జెప్తివి, గాళ్లు ఇనిరి. ఎట్ల దీయాలెనని ఒక్కలన్న నన్నడిగిన్రా పెద్దమ్మా?"