ల్యాబ్ మెషిన్‌ను పంపేయబోయిన రోజు

ఇది ఈ ఏడాది వానాకాలం ముచ్చటే. ఎవరికైనా చెప్పకుండా ఆగలేకపోతున్నా. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేనే. వరంగల్‌లో ఓ చిన్న నెట్‌వర్కింగ్ కంపెనీలో పనిచేస్తున్నా.

ఇక్కడే మట్టెవాడలో ఒక ప్రైవేటు దవాఖాన ఉంది. అక్కడ రక్తపరీక్షల మెషిన్ నుంచి రిపోర్టులు పైఅంతస్తు డాక్టరు కంప్యూటర్‌కు రావడం మానేశాయి. ల్యాబ్ చూసే రజితక్క ప్రతి రిపోర్టూ పట్టుకుని మెట్లెక్కి దిగుతోంది. మెషిన్‌ను రిపేరుకు హైదరాబాద్ పంపేద్దామని డాక్టరు ట్రాలీ ఆటో మాట్లాడేశారు. అది తిరిగొచ్చేదాకా ల్యాబ్ మూతే. పంపేముందు నెట్‌వర్క్ ఒకసారి చూడమని మమ్మల్ని పిలిచారు.

"మెషిన్ పోతే నేనేం జెయ్యాలె? చుట్టం లెక్క కుర్చీల కూసోవాల్నా?" అంది అక్క.

మా సీనియర్ శ్రీనన్న ల్యాప్‌టాప్‌ను దవాఖాన కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ అనే పెట్టెకు తగిలించి ప్యాకెట్ క్యాప్చర్ సాఫ్ట్‌వేర్ తెరిచాడు. కేబుల్‌లో సమాచారం చిన్నచిన్న ప్యాకెట్లుగా పోతుంది. వాటిని పట్టి చూపించేది ఇదే. అన్నీ చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి కావలసిన మెషిన్ అడ్రస్‌వి మాత్రమే చూపేలా ఫిల్టర్ పెడతాం. మా ఆఫీసులో ఫిల్టర్ ఎవరూ కొత్తగా రాయరు. వాట్సాప్ గ్రూపులో ఉన్నదాన్నే తీసుకుని అడ్రస్ మార్చి వాడతాం. శ్రీనన్న కూడా అదే చేశాడు. స్క్రీన్ ఖాళీ.

"సూసినవా? ఒక్క ప్యాకెట్ వస్తలేదు. మెషినే ఖరాబైంది."

నాకు నమ్మబుద్ధి కాలేదు. డాక్టరు కంప్యూటర్ నుంచి మెషిన్‌కు పింగ్ కొట్టాను. పింగ్ అంటే 'ఉన్నావా?' అని అడగడం. ఉన్నానని జవాబొచ్చింది. కానీ ఆ జవాబు కూడా మా స్క్రీన్ మీద పడలేదు!

"అన్నా, జర ఆగు. మెషిన్ మాట్లాడ్తాంది. మన ఫిల్టరే పట్టుకుంటలేదు."

"మొన్నొచ్చినవ్, అప్పుడే ఫిల్టర్‌కు వంకలు వెడ్తాన్నవా?"

"ట్రాలీ వచ్చేదాకన్న సూడనియ్యి."

ఫిల్టర్ తీసేసి మొత్తం పట్టాను. క్యాప్చర్ ఫిల్టర్ వదిలేసిన ప్యాకెట్ మళ్లీ దొరకదు. అదే ముందు అన్నీ పట్టుకుంటే తీరిగ్గా వెతుక్కోవచ్చు. వెతికితే మెషిన్ ప్యాకెట్లు బోలెడు! ప్రతిదానికీ ఒక విలాన్ ట్యాగ్ ఉంది. ఒకే స్విచ్‌ను గదుల్లా విడగొడితే వాటిని విలాన్‌లంటాం. ఏ గది ప్యాకెట్టో చెప్పే చీటీ ఆ ట్యాగ్. ఈమధ్యే ల్యాబ్‌కు వేరే విలాన్ ఇచ్చారట. ట్యాగ్ చేరేసరికి ప్యాకెట్‌లో అడ్రస్ కాస్త వెనక్కి జరిగింది. మా పాత ఫిల్టర్ ఇంకా పాత చోటే చూస్తోంది.

ఫిల్టర్ ముందు విలాన్ అని చేర్చాను. ప్యాకెట్లు వరుసకట్టాయి. రిపోర్టులన్నీ ఆ మార్పుల్లోనే తీసేసిన పాత సర్వర్ అడ్రస్‌కు పోతున్నాయి! మెషిన్ సెట్టింగ్స్‌లో డాక్టరుకు రిపోర్టులు అందించే కొత్త సర్వర్ అడ్రస్ కొట్టాం.

"వచ్చిందమ్మా రిపోర్టు!" పైనుంచి డాక్టరు కేక.

శ్రీనన్న కొత్త ఫిల్టర్‌ను నా పేరుతోనే గ్రూపులో పెట్టాడు. అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "నాకేం సమజ్ కాలే గని, మళ్ల జెప్పు బిడ్డా," అంది. మళ్లీ చెప్పాను.

ఇప్పుడు ఎక్కడ ఖాళీ స్క్రీన్ కనిపించినా, ముందు ఒక పింగ్ కొట్టి అది ఫిల్టర్‌కు చిక్కుతుందో లేదో చూస్తా. చిక్కాకే మెషిన్‌ను అనుమానిస్తా.

ఆ సాయంత్రం ట్రాలీ వచ్చి హారన్ కొట్టింది. రజితక్క కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఎల్లిపో తమ్మీ! మా మెషిన్ యాడికీ రాదు!"