తిప్పని పేజీ

నలభయ్యో ఏట మా అమ్మాయితో పాటు నేనూ అమలాపురంలో సంగీతం క్లాసులో చేరాను. టీచరుగారు పాడింది ఫోన్లో రికార్డు చేసుకుని, వంట చేస్తూ వింటూ కంఠతా పట్టేసేదాన్ని. పుస్తకంలో స్వరాల పైనా కిందా ఉండే చుక్కలు నా కంటికి ముగ్గుల్లాగే ఉండేవి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షాధికారి ఒక పెద్దాయన. పుస్తకం తెరిచి నా ముందు పెట్టి, "ఈ గీతం చూసి పాడండమ్మా" అన్నారు. పేరు చూస్తే నాకు వచ్చిన గీతమే! కళ్లు పుస్తకం మీద పెట్టి, తాళం వేస్తూ, ఒక్క స్వరం తప్పకుండా చివరిదాకా పాడాను.

ఆయన మెచ్చుకోలేదు. పుస్తకం వంక, నా వంక మార్చి మార్చి చూశారు.

"గీతం రెండు పేజీలుందండీ. మీరు పేజీ తిప్పలేదేంటండీ?"

గుమ్మం దగ్గర తన వంతు కోసం నిలబడ్డ మా అమ్మాయి తల దించుకుంది.

"స్వరాలు చదవడం రాదాండీ?"

"ఆయ్... రాదండి."

"గొంతు బావుందమ్మా. చదవడం నేర్చుకుని వచ్చే ఏడాది రండి."

తిరుగు బస్సులో మా అమ్మాయి నా ఒళ్లో పుస్తకం తెరిచింది. "చుక్క పైనుంటే పై స్థాయి, కిందుంటే కింది స్థాయి. నన్నడగొచ్చు కదమ్మా?" అంది. కూతుర్ని అడగడానికే కదా నేను సిగ్గుపడింది! మా ఊరు పి.గన్నవరంలో దిగేలోపు రెండు వరసలు చదివాను.

ఇప్పుడు కంఠతా వచ్చిన పాటైనా చూసే పాడతాను. పేజీ చివరికి వచ్చేసరికి మాత్రం ఇంకా గుండె దడదడలాడుతుంది.