రూటు బాబాయిని రానివ్వని సర్వర్

సిటీ బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులన్నీ చివరికి చేరేది డిపో వెనకున్న ఆ పొడవాటి గదికే. ఇనుప అరల నిండా గొడుగులు, టిఫిన్ డబ్బాలు, పిల్లల స్కూలు సంచులు. ఓ మూల నిలువెత్తు బాకా కూడా ఉంది. అంత బాకాని బస్సులో వదిలేసి దిగిపోయిన మహానుభావుడెవరో ఇప్పటిదాకా తేలలేదు. కింది అరలో ఓ డబ్బాలో కట్టుడు పళ్ళ సెట్టుంది. దాని యజమాని ఏం తిని బతుకుతున్నాడో ఆ పైవాడికే తెలియాలి.

ఆ గదిని ఆనుకునే, అద్దాల తలుపు వెనకాల, మన రూటు బాబాయి రాజ్యం. డిపోలో కంప్యూటర్లన్నీ చూసేది ఆయనే. బాబాయి అని అందరూ అభిమానంతో పిలుస్తారు. రూటు అన్నది మాత్రం ఆయన చేజేతులా సంపాదించుకున్న బిరుదు. లినక్స్ మిషన్లో రూట్ అంటే తాళాలన్నీ చేతిలో ఉన్న యజమాని అన్నమాట. ఏదైనా తెరవచ్చు, ఏదైనా చెరిపేయొచ్చు, అదేమని అడిగే నాథుడుండడు. బుద్ధున్నవాళ్ళు అవసరం పడ్డప్పుడే అలా లోపలికెళ్ళి, పని కాగానే బయటపడతారు. ఈయన పొద్దున్న రూట్‌గా కూర్చున్నాడంటే సాయంత్రం కుర్చీ దిగేదాకా రూటే. పాస్‌వర్డ్ ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. "ఒకళ్ళకి చెప్పానంటే కొంప కొల్లేరే" అంటాడు, అదేదో గొప్ప విషయమైనట్టు.

ఇంట్లోనూ ఇదే తంతు. కుళాయి కారితే ఆయనే బిగించాలి, ఫ్యాను మూలిగితే ఆయనే విప్పాలి. మెకానిక్కుని పిలిస్తే మూతి ముడుచుకుంటాడు. పోనీ తనైనా చేస్తాడా అంటే, తీరిక దొరికేదాకా కుళాయి కారుతూనే ఉంటుంది. వాళ్ళావిడ పాపం కింద బకెట్ పెట్టుకుని కాలక్షేపం చేస్తుంటుంది.

ఆవిడకి జీవితంలో ఒకటే కోరిక. ఓ వారం రోజులు మొగుడూ పెళ్ళాం కొండ ప్రాంతానికి వెళ్ళి, పొగమంచులో షికారు కొట్టి రావాలని. ఎన్నోసార్లు బయల్దేరారు కూడా. ప్రతిసారీ గడప దాటకముందే డిపో నుంచి ఫోను. సర్వర్ ఆగింది, పాస్‌వర్డ్ మీ దగ్గరుంది, రండి. ఈయన చెప్పులేసుకుని డిపోకి, ఆవిడ చెప్పులు విడిచి వంటింట్లోకి. ఈసారి మాత్రం ఆవిడ టిక్కెట్లు కొని బల్ల మీద పెట్టి తేల్చి చెప్పేసింది.

"ఏమండీ, రేపు సాయంత్రం రైలు నేను ఎక్కుతున్నాను. మీరు ఎక్కుతారో లేదో మీ ఇష్టం. ప్లాట్‌ఫారం మీద మీకోసం మెడలు తిప్పి చూడటం ఇంక నావల్ల కాదు."

కోపంగా అని ఉంటే బాబాయి భయపడేవాడు కాదు. మామూలుగా అంది. అందుకే ఆయన గుండెల్లో రాయి పడింది.

సెలవు ఇమ్మని అడిగితే మేనేజరు మెలిక పెట్టాడు. "వెళ్ళండి బాబాయ్, ఎవరు కాదన్నారు? పోయిన వస్తువులు వెతికే ఆ కొత్త సర్వర్ పెట్టి, నడిపించి వెళ్ళండి." మెలికలో న్యాయం ఉంది. దొరికిన వస్తువుని ఒక కండక్టరు కళ్ళజోడు అని రాస్తాడు, ఇంకొకడు కళ్ళద్దాలు అంటాడు, మూడోవాడు 'ముక్కు మీద పెట్టుకునేది' అని రాసి చేతులు దులుపుకుంటాడు. పాత ప్రోగ్రాం అక్షరం అక్షరం కలిస్తే తప్ప పలకదు. దాంతో కౌంటరులో కూర్చునే గొడుగులక్క రోజంతా అరల మధ్య తిరగాల్సిందే. వచ్చే వస్తువుల్లో సగం గొడుగులే కాబట్టి ఆమెకా పేరు. మనిషి చురుకు, నోరు అంతకంటే చురుకు. కొత్త సెర్చ్ ఇంజిన్ వస్తే, ఏ మాటతో అడిగినా దగ్గరి వస్తువులన్నీ తెచ్చి ముందు పెడుతుంది.

ప్రయాణం రోజు పొద్దున్నే బాబాయి పని మొదలుపెట్టాడు. సాఫ్ట్‌వేర్ దించుకున్నాడు. పక్కనే చదవండి మొర్రో అంటూ ఓ సూచనల ఫైలుంది. అవన్నీ కొత్తవాళ్ళకి లెమ్మని పక్కకి నెట్టాడు. మామూలుగానే రూట్‌గా అంతా విప్పి, సర్ది, మొదలవ్వమని ఆజ్ఞ ఇచ్చాడు. తెర మీద నాలుగు వరసలు పరిగెత్తాయి. ఆగిపోయాయి. చివర్న ఒక ముక్క మిగిలింది: రూట్‌గా నన్ను నడపడం కుదరదు.

బాబాయి తనకి చూపు ఆనలేదనుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మాట. ఇంకోసారి కాస్త గట్టిగా నొక్కాడు, గట్టిగా నొక్కితే వింటుందన్నట్టు. ససేమిరా అంది. ఆ గదిలో ఇన్నేళ్ళలో ఆయన్ని కాదన్నది అదొక్కటే. ఉక్రోషం ఆపుకోలేక ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇదేం చోద్యమే! యజమానిని నేనైతే, నన్నే లోపలికి రానివ్వనంటోంది!"

"ఎవరు?"

"సర్వరే. రూట్‌గా వస్తే నడవదట. మామూలు మనిషిలా రమ్మంటోంది."

 అవతల నవ్వు మొదలైంది. ఆవిడ నవ్వి నవ్వి, దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ నవ్వింది.

"అది ఎవరు చేశారో గానీ, ఆ మహాతల్లికి చేతులెత్తి దండం పెట్టాలండీ. నేను పాతికేళ్ళుగా చెప్పలేకపోయిన మాట ఒక్క ముక్కలో చెప్పింది!"

బాబాయి ఫోను పెట్టేసి కాసేపు గుర్రుగా కూర్చున్నాడు. కూర్చుంటే రైలు ఆగుతుందా? చచ్చినట్టు సూచనల ఫైలు తెరిచాడు. ఈ సాఫ్ట్‌వేర్‌లోకి దొంగెవడైనా దూరినా మిషను మొత్తం వాడి చేతికి చిక్కకూడదనే ఆ కట్టడి అని అందులో ఉంది. చదివేసరికి సగం కోపం దిగింది. మాట సబబే మరి. ఏ అధికారమూ లేని ఓ సాదాసీదా యూజర్ని సృష్టించి, వాడిచేత నడిపించబోయాడు.

ఈసారి ఇంకో పేచీ. పొద్దున్నుంచీ ఆయనే అంతా సర్దాడు కదా, ప్రతి ఫోల్డరూ రూట్ పేరు మీదే ఉంది. కొత్తవాడు వాటిని ముట్టుకోబోతే మిషను చెయ్యి విదిలించి కొడుతోంది. ఇల్లు చూసుకోమని మనిషిని పెట్టి, గది తాళాలు జేబులో వేసుకుని పోయినట్టుంది వ్యవహారం. బాబాయి ఒక్కో ఫోల్డరూ వాడి పేరు మీదికి మార్చాడు. మిషను తనకిచ్చే మెమరీ పరిమితి పెంచితే కానీ లేవనని సర్వర్ ఇంకో కొర్రీ వేసింది. అది పెంచాలంటే మాత్రం రూటే కావాలి. అప్పటికి ఆయన మొహంలో కాస్త కళ వచ్చింది. పెంచి, మళ్ళీ నొక్కాడు. లేచింది!

"అక్కా, అడిగి చూడు!" అని అరిచాడు.

కౌంటర్ దగ్గర్నుంచి గొడుగులక్క కేకేసింది. "ఇక్కడ ఉలుకూ లేదు, పలుకూ లేదు బాబాయ్ గారూ!"

చూస్తే, ఆ సర్వర్ తన మిషను నుంచి అడిగిన వాళ్ళకే జవాబు చెప్తోంది, బయటివాళ్ళు పిలిస్తే వినిపించుకోవడం లేదు. "అచ్చం మీలాగే!" అంది గొడుగులక్క, మొహమాటం అనేది ఎరగనట్టు. బాబాయి నవ్వాపుకుని, డిపోలో మిగతా కంప్యూటర్ల మాట కూడా వినేలా సెట్టింగు మార్చాడు. అక్క 'ముక్కు మీద పెట్టుకునేది' అని కొట్టింది. కళ్ళజోళ్ళన్నీ వరసగా తెర మీదికొచ్చాయి. అక్క చప్పట్లు కొట్టింది. మేనేజరు లేచొచ్చి 'బాకా' అని కొట్టి మురిసిపోయాడు.

ఇంక వెళ్ళొచ్చు. అయినా బాబాయి కాళ్ళు కదల్లేదు. తను లేనప్పుడు ఇది పడుకుంటే లేపేదెవరు? ఎప్పుడూ రెండే దారులనుకునేవాడు: తాళాలన్నీ తన దగ్గర ఉండటం, లేకపోతే అన్నీ ఇంకొకళ్ళకి ఇచ్చి నాశనమైపోవడం. తను సృష్టించిన ఆ అనామక యూజరు తనకిచ్చిన కాస్త చోటులోనే బుద్ధిగా పని చేసుకుంటుంటే కళ్ళారా చూశాడు కదా, కొత్త ఆలోచన తట్టింది. అక్క పేరున ఓ చిన్న అధికారం రాశాడు. ఈ ఒక్క సర్వర్ని ఆపొచ్చు, లేపొచ్చు, అంతే. పక్కన కూర్చోబెట్టి ఆమె చేతే చేయించాడు.

"ఇంతేనా బాబాయ్ గారూ? దీనికా ఇన్నాళ్ళు పండగనక పబ్బమనక పరిగెత్తుకొచ్చారు?" అందామె.

ఆ మాట సూటిగా తగిలింది. ఆయన స్టేషన్‌కి పరుగు తీశాడు.

రైలు కదులుతుండగా ఎక్కాడు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. ఆయన వచ్చి ఎదురుగా కూలబడితే, పోల్చుకోవడానికి క్షణం పట్టినట్టు చూసింది. ఏదో అనబోయింది. అంతలో ఫోను మోగింది. డిపో నంబరు. ఆవిడ మొహం మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

"బాబాయ్ గారూ, కరెంటు పోయొచ్చింది. మిషను లేచింది గానీ వెతికేది లేవలేదు" అంది గొడుగులక్క.

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. మిషనుతో పాటు దానంతటదే లేవమని సర్వర్‌కి చెప్పనేలేదు. తన చేత్తో తనే లేపుకోవడం అలవాటైన మనిషికి ఆ సంగతి ఎలా తోస్తుంది? అప్పటికే సీట్లోంచి సగం లేచాడు.

"వచ్చే స్టేషన్లో..."

"ఎందుకండీ? నేను లేపేశాను. ఒకాయన పోయిన సంచీ కూడా తీసుకెళ్ళాడు. మీరు కంగారు పడతారని చెప్తున్నానంతే. హాయిగా తిరిగి రండి."

బాబాయి మెల్లగా కూర్చున్నాడు. తను లేకుండానే జరిగిపోయిందని చిన్న ముల్లు గుచ్చుకుంది, అబద్ధమెందుకు. దాని వెనకే ప్రాణం లేచొచ్చింది.

"దిగక్కర్లేదోయ్" అన్నాడు ఆవిడతో, ఫోను పెట్టేసి. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "మొహం కడుక్కొస్తాను, నా తువ్వాలు ఇలా ఇవ్వు."

ఆవిడ కదల్లేదు. తనే లేచి సీటు కింది పెట్టె తీసి తెరిచాడు. అన్నీ ఆవిడ చీరలే. శాలువా ఒక్కటే ఉంది. అడుగుదాకా చూశాడు. తన చొక్కా ఒక్కటీ లేదు.

"ప్రతిసారీ మీ బట్టలు సర్దేదాన్ని. ప్రతిసారీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టేదాన్ని" అంది ఆవిడ. "ఈసారి ఓపిక లేకపోయిందండీ."

బాబాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. ఆవిడ కంగారుపడి తన తువ్వాలు తీసి చేతిలో పెట్టి, "అయ్యో, ఏంటండీ ఇది, అక్కడ చొక్కాలు అమ్మరా ఏంటి?" అంది. అంటూ అంటూనే పొద్దున్నటి నవ్వు మళ్ళీ మొదలుపెట్టింది.

"నువ్వే ఏరి కొను. ఏది కొంటే అదే వేసుకుంటాను" అన్నాడు రూటు బాబాయి.