అమావాస్య నాటి జిరాక్సు కాగితం

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ తెరుచుకున్న ఏడాది జరిగింది ఇది. విజయవాడ భవానీపురంలో నాదొక జిరాక్సు కొట్టు. ఒక మిషను, ఒక లామినేషన్ పెట్టె, మిగిలిన జాగాలో నేను. ఎనిమిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టినవాణ్ణే అయినా, మా పేటలో పీహెచ్‌డీ చేసినవాళ్ళ థీసిస్‌లన్నీ నా చేతిమీదుగానే వెళ్ళాయి. వాళ్ళు చదివారు, నేను చదవలేదు. అంతే తేడా.

ఒక మధ్యాహ్నం జాయిస్ అనే డిగ్రీ అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చింది. వాళ్ళ నాన్నగారు చర్చిలో పెద్ద. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకుందట, మొత్తం కాపీ తీసి స్పైరల్ బైండింగ్ చెయ్యమంది. అంటే అంచున బెజ్జాలు కొట్టి ప్లాస్టిక్ చుట్ట ఎక్కించడం. అట్టమీద చంద్రవంక, లోపల వలయంలో అయిదు కొనల నక్షత్రం.

"ఏంటమ్మా ఇది, సిలబస్సా, జాతకమా?" అన్నాను.

"విక్కా అంకుల్. కొత్తగా తెలుసుకునేవాళ్ళ కోసం రాసింది. అదో మతం. చెట్లు, చంద్రుడు, ఋతువులు, వీటిని కొలుస్తారు. ఎవరికీ కీడు చెయ్యకూడదన్నది మొదటి మాట."

"కార్తీకమాసంలో మా అమ్మ చేసేది అదేగా! దానికి ఇంగ్లీషు పుస్తకం దేనికి?"

నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించి, "నాన్నకి తెలిస్తే చంపేస్తారు అంకుల్. ఆయన లెక్కలో ఇది మంత్రగత్తెల పుస్తకం. ఏముందో చూద్దామనే, అంతే" అంది.

ఆ పుస్తకాన్ని బ్యాక్ టు బ్యాక్ తీశాను, అంటే ఒకే కాగితానికి రెండువైపులా. అలా తీసేటప్పుడు కొన్ని కాగితాలు తలకిందులుగా పడి చెడిపోవడం మామూలే. చెడిన కాగితాలన్నీ మా కొట్టు పక్కన బజ్జీల బండి పెట్టుకున్న నాంచారమ్మకి ఇచ్చేస్తాను. ఆవిడ సగానికి చింపి పొట్లాలు కడుతుంది. మా పేటలో ఎంసెట్ లెక్కల మీద బజ్జీ తినని మనిషి లేడు.

తర్వాత వచ్చిన ఆదివారం అమావాస్య. సాయంత్రం వెనక వీధిలో గోల వినపడి వెళ్ళాను. కోటేశ్వరరావు గారింటి ముందు జనం. ఆయన మనవడికి కొన్నాళ్ళుగా జ్వరం దిగడం లేదు. ఆ ఇంటి మేడమీద గదిలో రాజ్యం గారని ఒకావిడ అద్దెకుండేవారు. ఒంటరి మనిషి, జాకెట్లు కుట్టి బతుకుతున్నారు. ఆవిణ్ణి మెట్ల మీద కూలదోశారు. కోటేశ్వరరావు గారి బావమరిది ఆవిడ జుట్టు పట్టుకుని ఉన్నాడు.

గుమ్మం దగ్గర కాగితం దొరికిందట. వలయం, లోపల నక్షత్రం, మీద ఎర్రటి మరక.

"రక్తంతో గీసింది! అందులోనూ ఆదివారం అమావాస్య!" అని కోటేశ్వరరావు గారి భార్య ఏడుస్తోంది.

"నాకేం తెలీదమ్మా. పిల్లాణ్ణి నేనూ ఎత్తుకున్నదాన్నేగా" అంటున్నారు రాజ్యం గారు.

అప్పుడు గుంపులో ఒక ఆడగొంతు లేచింది. "అమ్మో, నా ఆది జాకెట్టు దీని దగ్గరే ఉంది!"

ఆది జాకెట్టంటే కొలతకి ఇచ్చే పాత జాకెట్టు. పేటలో ప్రతి ఇంటిదీ ఒకటి ఆవిడ గదిలో ఉంటుంది. ఒంటిమీంచి విప్పిన బట్ట దొరికితే చేతబడి చేస్తారని మావాళ్ళ భయం. అప్పటిదాకా జాలిపడుతున్నవాళ్ళు కూడా ఆ ఒక్క మాటతో మెట్లెక్కారు. పైనుంచి జాకెట్లు గిరాటేస్తుంటే, కిందున్నవాళ్ళు ఎవరిది వాళ్ళు ఏరుకుని, దులుపుకుని, మడతల్లో సూదులున్నాయేమోనని వెతుక్కుంటున్నారు.

"పళ్ళు పీకేస్తే సరి. పళ్ళు లేకపోతే మంత్రం పలకదు" అన్నాడు బావమరిది. ఆటోనగర్‌లో మెకానిక్కు. బండి డిక్కీలోంచి కటింగ్ ప్లయర్ తెప్పించాడు కూడా.

కోటేశ్వరరావు గారి చేతిలో కాగితం చూశాను. ఎడమవైపు పైనుంచి కిందిదాకా సన్నటి నల్లగీత. జిరాక్సు మిషన్‌లో డ్రమ్ అని ఒక గొట్టం ఉంటుంది. బొమ్మ ముందు దానిమీద పడి, అక్కణ్ణించి కాగితానికి దిగుతుంది. నా డ్రమ్ మీద గీటు పడి చాలాకాలమైంది. ఆ కాగితం నా కొట్టుది.

నోరు విప్పితే పుస్తకం ఎవరిదని అడుగుతారు. జాయిస్ పేరు చెప్తే ఈ జుట్టు వదిలి ఆ జుట్టు పట్టుకుంటారు. ఊరుకుంటే ప్లయర్ ఎదురుగానే ఉంది. భయమేస్తే నాకు వెటకారం తన్నుకొస్తుంది.

"బాబాయ్ గారూ, ఒకసారి నాకి చూడండి. అది నాంచారమ్మ బజ్జీ కారం. పొట్లాలకని ఆ కాగితం ఇచ్చింది నేనే."

ఎవరూ నవ్వలేదు.

"ఈ బొమ్మ నీకెక్కడిదిరా సాంబా?" అన్నారు కోటేశ్వరరావు గారు.

"నా పుస్తకంలోదే."

"ఎనిమిదో క్లాసు మొహానికి ఇంగ్లీషు పుస్తకమా!" బావమరిది రాజ్యం గారి జుట్టు వదిలి నా కాలర్ పట్టుకున్నాడు.

"బొమ్మలు బాగున్నాయని తీసుకున్నా. కొట్టుకి రా బావా, తెల్లకాగితం పెట్టి కాపీ తీస్తా. ఇదే గీత ఇదే చోట రాకపోతే ముందు నా పళ్ళు పీకు."

వచ్చారు, సగం వీధి వెంటబెట్టుకుని. మిషను వేడెక్కడానికి కాస్త టైం పడుతుంది. ఆ కాసేపట్లో కరెంటు పోతే అదీ చేతబడే అంటారని నాకు తెలుసు. చివరికి కాగితం బయటికొచ్చింది. కోటేశ్వరరావు గారు రెండు కాగితాలూ కలిపి ట్యూబ్‌లైటుకి అడ్డంపెట్టి చూశారు. గీత మీద గీత కూర్చుంది.

"సరేలే" అన్నారు. బావమరిది ప్లయర్ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు జాయిస్ పాలిపోయిన మొహంతో వచ్చింది. "నా పేరు చెప్పారా అంకుల్?"

"లేదమ్మా. ఇప్పుడు పేటకి మంత్రగాణ్ణి నేనే. కాస్త మర్యాదగా మాట్లాడు."

నవ్వబోయి ఏడ్చింది. పుస్తకాన్నీ, బైండింగ్ చేసిన కాపీనీ తీసుకెళ్ళింది. కాపీ దాచుకుందో, పారేసిందో నేను అడగలేదు.

పిల్లాడి జ్వరం డాక్టరు మందులకే దిగింది. చేతబడి లేదు గీతబడి లేదని వీధంతా ఒప్పుకుంది. కానీ ఒక్కరూ రాజ్యం గారికి ఆది జాకెట్టు తిరిగి ఇవ్వలేదు. "ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. గీత చూపిస్తే ఆవిడ నిందలోంచి బయటపడతారనుకున్నాను. జనం తప్పు ఒప్పుకుంటారు, భయాన్ని మాత్రం భద్రంగా ఇంటికి పట్టుకుపోతారని అప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళకి రాజ్యం గారు ఆధార్ కార్డు కాపీల కోసం వచ్చారు. మంగళగిరిలో గది దొరికిందట. "ఆ రోజు మీరు రాకపోతేనండీ..." అంటూ ఆగిపోయారు. ఆవిడ పన్ను ఒక్కటి కూడా కదల్లేదు. అయినా మాట్లాడుతున్నంతసేపూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నారు. నవ్విద్దామని ఏదో అన్నాను. కళ్ళు నవ్వాయి. చెయ్యి మాత్రం దించలేదు.