లేని లారీ, దిగని మడమ

నా మనవడి కాళ్లను వైద్యులు విరిచింది అతని కోరిక మీదనే. ఈ మాటను ఇంత సూటిగా నలుగురిలో చెప్పడానికి మా ఇంటిల్లిపాదికీ ఏడు వారాలు పట్టింది.

అతడు నా కూతురి కొడుకు. ఇరవై తొమ్మిదేళ్లవాడు, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఆ ఎత్తు నాదే, మా నాన్నదీ అదే. మూడు సంబంధాలు ఫొటో దగ్గరే ఆగిపోయాయని, రెండు మోకాళ్ల కింది ఎముకలనూ కోయించుకొని, వాటి చుట్టూ ఉక్కు కడియాలు బిగించుకొని, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చి మంచమెక్కాడు. వాళ్ల అమ్మానాన్నల ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. మా ఇంటికి ఒక్కటే మెట్టు.

ఆ కడియాల మరలను రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా తిప్పాలి. తిప్పినప్పుడల్లా తెగిన ఎముక కొసలు వెంట్రుకవాసి ఎడమవుతాయి. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. అలా తొమ్మిది వారాలు తిప్పితే రెండున్నర అంగుళాలు. ఎముక చెప్పినట్టు వింటుంది గాని, పిక్క వెనుక స్నాయువు వినదు. తాను సాగనని మొండికేసి మడమను పైకి లాగుతుంది. అందుచేత నాలుగు పూటలా పాదానికి పట్టీ తగిలించి, అరగంటసేపు వేళ్లను మోకాలి వైపు లాగాలి. అందులో అశ్రద్ధ చేస్తే మడమ ఇక నేలనంటదని వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి మొదటి రోజే హెచ్చరించింది.

చికిత్స సంగతి ఎవరికీ తెలియరాదని మనవడు తల్లి చేత ఒట్టు వేయించుకొన్నాడు. ఆమె ఆలోచించి ఆలోచించి, నరసరావుపేట రోడ్డులో మిరపకాయల టిక్కీలతో, అంటే గోనె బస్తాలతో, వస్తున్న లారీ ఒకటి వాడి బైకును గుద్దిందని చెప్పింది. దాచవలసిన విషయాన్ని దాచడానికి ఈ గుంటూరు సీమలో అంతకన్న తెలివితక్కువ ఉపాయం మరొకటి ఉండదు. కాళ్లు రెండూ విరిగినవాణ్ణి చూడడానికి రాకపోతే ఇక్కడ చుట్టరికం తెగిపోయినట్టే లెక్క. వచ్చినవారు బత్తాయిల సంచి బల్లమీద పెట్టి, కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకొని, "మొదట్నుంచీ చెప్పమ్మా" అంటారు. నడుమనుంచి చెబితే వారికి చిన్నతనం.

మొదటి వారం ఒక వాక్యంగా ఉన్న ప్రమాదం మూడో వారానికి ప్రబంధమైంది. వర్షం వచ్చి చేరింది. లారీకి ముందు లైటు పోయింది. డ్రైవరుకు కునుకు పట్టింది.

"నాన్నా, మీరేం అబద్ధమాడక్కర్లేదు. మాట్లాడకుండా కూర్చోండి, చాలు" అంది మా అమ్మాయి.

కూర్చున్నాను. అలా కూర్చోవడమూ అబద్ధమేనని తెలిసే కూర్చున్నాను.

గేటు చప్పుడైతే చాలు, పట్టీ మంచం కిందికి, దుప్పటి కాళ్లమీదికి. రెండు కాళ్లకూ అచ్చు పోసినట్టు ఒకేచోట ఇనుము కనబడితే అనుమానం వస్తుందని తల్లీకొడుకుల భయం. వచ్చినవారు గంటకు గాని లేవరు. వారు లేచేసరికి మరొకరు చెప్పులు విడుస్తూ ఉంటారు. ఏడో వారంలో ఫిజియో అమ్మాయి వచ్చి, నిలబెట్టి, మడమ కింద వేళ్లు దూర్చి చూసింది. రెండు వేళ్లు సులువుగా దూరాయి.

"పొద్దున చేశారా?"

"ఒంగోలు నుంచి పిన్ని వాళ్లొచ్చారండి."

"మధ్యాహ్నం?"

"నాన్న ఆఫీసు వాళ్లండి."

"సాయంత్రం సంగతి అడగను లెండి. చుట్టాలకి మర్యాదలు చేసుకుంటూ కూర్చోండి. పది రోజుల్లో ఈ మడమ కిందికి రాకపోతే వెనకాల కోసి సాగదీయాల్సిందే. పొడుగు సంగతి దేవుడెరుగు, మునివేళ్ల మీద నడుస్తారు."

ఆమె వెళ్లాక, వచ్చినవారికి ఉన్నమాట చెప్పి తలుపులు తెరిచి వ్యాయామం చేసుకోమని మనవడితో అన్నాను. "మీకర్థం కాదు తాతయ్యా. మీ రోజుల్లో ఎవరూ కొలిచేవాళ్లు కాదు" అన్నాడు.

"ఎందుకు కొలవలేదురా? మీ అమ్మమ్మ నాకన్నా అంగుళం పొడుగు. పెళ్లి ఫొటోలో నన్ను పీటమీద నిలబెట్టారు."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. కాలికి పట్టీ తగిలించేలోగా గేటు చప్పుడైంది.

నాలుగో రోజు మా బావమరిది వచ్చాడు. వినుకొండ దగ్గర మిరప సేద్యం. గొంతు వీధి చివరనుంచే వినబడుతుంది. మొదటి వారమే వచ్చి మనవడి తలమీద చెయ్యివేసి, ఆ లారీవాడి సంగతి తాను చూస్తానని చెప్పి వెళ్లాడు. అది మాటవరస అనుకొన్నాం.

"బావా! దొరికాడు!"

అతని వెనుక, గుమ్మానికి ఇవతలికి రాకుండా, యాభై ఏళ్ల బక్కపలచని మనిషి తలగుడ్డ చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"వానలో లైటు లేని బండి ఆ రోడ్డున తోలింది ఈయనేనంట. మిర్చి యార్డులో నలుగురూ చెప్పారు. ఏమయ్యా, మా పిల్లోడి మొహం చూసి చెప్పు."

"లైటు లేని మాట నిజమేనండి" అన్నాడా డ్రైవరు. "మనిషిని గుద్దలేదండి. గుద్దితే తెలవదా? కానీ అయ్యగారు గట్టిగా అంటంటే, కునుకులో ఏమన్నా తగిలిందేమోనని రెండ్రోజుల్నుంచి అదే ఆలోచనండి. అన్నం సయించట్లేదు."

నేను కుర్చీలోనుంచి లేవబోయాను. అంతలో మనవడే దుప్పటి తీసి అవతల పారేశాడు.

"లారీ లేదు చిన్నతాతా. వానా లేదు. నేనే కోయించుకున్నా. పొడుగవుదామని."

బావమరిది మంచం దగ్గరికి వచ్చి ఆ ఇనుమును వేలితో తాకి చూశాడు.

"ఒరేయ్, ఏడు వారాల్నుంచి యార్డులో కనపడ్డ లారీనల్లా ఆపి అడిగాను గదరా! మా వోడి కాళ్లు విరగ్గొట్టారని ఏడ్చాను గూడా!" నావైపు తిరిగాడు. "బావా, నీకు తెలుసా?"

"తెలుసు."

"నువ్వు గూడానా!"



"అయితే నేను గుద్దలేదు గదండీ?" అన్నాడు డ్రైవరు.

"లేదండీ. క్షమించండి" అని మనవడు చేతులు జోడించాడు. మా అమ్మాయి కాఫీ అంటున్నా ఆయన ఆగలేదు. తలగుడ్డ చుట్టుకొంటూ వెళ్లిపోయాడు.

బావమరిది కూలబడి, "ఇంతకీ ఎంత పెరిగావు?" అన్నాడు.

"రెండంగుళాల దాకా."

"దీనికా!" అని కాసేపు నెత్తి పట్టుకొని, "ఆ పట్టీ ఏంటి?" అన్నాడు. సంగతి చెప్పాను. "ఇటు పడెయ్. టిక్కీ మూతి బిగించి కుట్టే చేతులివి" అని, వాడు కేకలు వేస్తున్నా అరగంట పూర్తయ్యేదాకా వదలలేదు.

సాయంత్రానికి నిజం వినుకొండ దాటింది. రాకపోకలు తగ్గుతాయని ఆశపడ్డాను, రెట్టింపయ్యాయి. అయితే దుప్పటి అవసరం తీరింది. వచ్చినవారి నడుమనే నాలుగు పూటలా పట్టీ లాగడం సాగింది. ఇంకా గట్టిగా లాగమని సలహా ఇచ్చేవారు కొందరు, తామే లాగేవారు కొందరు. ఒకాయన నన్ను వరండాలోకి పిలిచి, "మావాడూ పొట్టేనండి. ఆ డాక్టరుగారి నంబరిస్తారా?" అన్నాడు. ఆయనకేమి బదులు చెప్పానో ఇక్కడ రాయదలచుకోలేదు.

పదో రోజు ఫిజియో అమ్మాయి మనవణ్ణి వాకరు పట్టించి నిలబెట్టి, కిందికి వంగింది. మడమ కింద వేలు దూరలేదు. ఇంకోవైపునుంచి చూసింది, అటూ దూరలేదు.

"కొయ్యక్కర్లేదండి. కానీ వ్యాయామం మానొద్దు."

మా అమ్మాయి కళ్లు తుడుచుకొంది. మనవడు తలెత్తి, "అమ్మా, టేపు ఏదీ?" అన్నాడు.

"ముందు నడువు! కొలత తర్వాత!" అన్నాను. నేననుకొన్నదానికన్న చాలా పెద్దగానే వచ్చింది గొంతు. అతడు ఉలిక్కిపడి, వాకరును జానెడు ముందుకు జరిపి, కుడిమడమ నేలకు ఆన్చి, మొదటి అడుగు వేశాడు.