నేను నింపిన గళ్లు

నా చిన్నప్పుడు కర్నూలు రాజధాని. సర్కారు ఆఫీసులు చాలావరకు గుడారాల్లోనే నడిచేవి. మా నాయన ఆ గుడారాలకు గుంజలు పాతే కూలి పనికి పోయేవాడు. మా అమ్మ ఊరి చివర నూనె మిల్లులో వేరుశనక్కాయలు వలిచేది. నాకు పదకొండేళ్లు, తమ్ముడికి ఆరు. ఆ ఏడాది మా ఇంట్లో జరిగిన సంగతి నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఒకరిద్దరికి చెప్పినప్పుడు కూడా నా తప్పును కొంచెం తగ్గించే చెప్పాను.

అంతకుముందు ఎండాకాలంలో తమ్ముడికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులకు జ్వరం దిగింది కానీ ఎడమకాలు చచ్చుబడిపోయింది. ఎత్తి పట్టుకుంటే తడిగుడ్డలా వేలాడేది. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేశాడు. పక్కింటి సాయెబుల అవ్వ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. అమ్మ దేన్నీ వద్దనలేదు. వానాకాలం మొదట్లో పాస్టరయ్యే వచ్చి, మిల్లు షావుకారు పాత గోదాములో యూనివర్సిటీ డాక్టరమ్మ ఒకామె ఇలాంటి పిల్లలనే చూస్తోందని చెప్పాడు.

ఆ గోదామును ఊళ్లో అందరూ కాళ్ల కొట్టం అనేవాళ్లు. అందులో మందులూ సూదులూ ఏమీ ఉండవు. పొడుగాటి బల్లలు, నూనె సీసాలు, పిల్లలు పట్టుకుని నిలబడేందుకు గోడకు బిగించిన కట్టెలు, అంతే. మా షావుకారు కూతురికి కూడా ఇదే జ్వరం వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయట. ఆయన ఆ పిల్లను ఎత్తుకుని కట్లు కట్టేవాళ్ల దగ్గరికీ మర్దన చేసేవాళ్ల దగ్గరికీ ఏళ్ల తరబడి తిరిగాడు. ఆ పిల్ల బతకలేదు. తర్వాత ఆయన మద్రాసు దాకా పోయి, ఈ విషయం మీద పరిశోధన చెయ్యాలనుకుంటూ డబ్బు లేక ఆగిపోయిన డాక్టరమ్మను వెతికి పట్టుకున్నాడు. ఆమె జీతం, నర్సు జీతం, నూనె, దూరం నుంచి వచ్చేవాళ్ల బస్సు ఛార్జీలు అన్నీ తానే ఇస్తానన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే. మిల్లులో అందరికీ తెలిసిన ఆ మాటను అమ్మ మాకు అప్పజెప్పేది.

"చేత్తో పామి, వంచి సాపితే కాలు వస్తాదా రాదా, నాకు తేల్చి చెప్పమ్మా. రాదంటే రాదనే చెప్పు. నా మాదిరి ఇంకొకరు ఊరూరా తిరగకుండా ఉంటారు."

మొత్తం పద్నాలుగు మంది పిల్లలం డాక్టరమ్మ పరిశోధన లెక్కలో ఉన్నాం అని నేను అనుకునేదాన్ని కానీ నిజానికి లెక్కలో ఉన్నది తమ్ముడు, నేను కాదు. ఇంటి దగ్గర రోజూ రెండు పూటలా కాలికి నూనె పెట్టి పామాలి. మోకాలు, మడమ వంచి సాపాలి. పని అయిన పూట, డాక్టరమ్మ ఇచ్చిన గళ్ల కాగితం పట్టీలో ఒక గడి నింపాలి. శనివారం కొట్టానికి పోతే డాక్టరమ్మ టేపుతో పిక్క చుట్టుకొలత చూసి, మోకాలు ఎంత సాగుతోందో చూసి, పట్టీ తీసుకుని, వారానికి సరిపడా నూనె ఇచ్చేది. అమ్మ తెల్లవారకముందే మిల్లుకు పోతుంది కాబట్టి ఆ పని నాకు ఒప్పజెప్పారు. మొదటి రోజు డాక్టరమ్మ తన చేతుల కింద నా చేతులు పెట్టుకుని, ఎక్కడ గట్టిగా ఒత్తాలో ఎక్కడ మెల్లగా పోవాలో నేర్పింది. నేను గర్వంగా ఇంటికి వచ్చాను.

మూడు వారాలు సక్రమంగానే చేశాను. కానీ మోకాలు సాపేటప్పుడు వాడికి ప్రాణం పోయేది. పళ్లు బిగబట్టి, "ఈ పొద్దు ఒద్దక్కా," అనేవాడు. ఒక పూట జాలిపడి మానేశాను. అమ్మ అడుగుతుందని గడి మాత్రం నింపాను. మొదటిది జాలే, అది అబద్ధం కాదు. రెండోది, మూడోది జాలి అని చెప్పలేను. సాయంత్రం అయ్యేసరికి కాలువగట్టు మీద ఆడపిల్లలు నాకోసం కేకేసేవాళ్లు. నేను పరుగెత్తేదాన్ని. కొన్నాళ్లకు వారం గళ్లు ఒకేసారి నింపడం మొదలైంది. ఒక్కోసారి పెన్సిలు తమ్ముడికే ఇచ్చేదాన్ని. వాడికి అదొక ఆట. సీసాలో నూనె మిగిలితే తెలిసిపోతుందని నా తలకు పెట్టుకునేదాన్ని, స్నేహితురాలి తలకు కూడా పెట్టేదాన్ని. జడ ఎందుకింత నూనె కారుతోందని అమ్మ అడిగితే, తమ్ముడి కాలు పామిన చేతులు తలకు తుడుచుకుంటున్నానన్నాను. అమ్మ నా తల నిమిరింది.

నాలుగు నెలలు గడిచాయి. మిగతా పిల్లల్లో కొందరు గోడ పట్టుకుని నిలబడుతున్నారు. ఆత్మకూరు నుంచి వచ్చే ఒక చిన్నపిల్ల ఒక చేత్తో బల్ల పట్టుకుని మూడడుగులు వేసింది. మా వాడి మోకాలు మాత్రం ముడుచుకుపోతోంది. డాక్టరమ్మ పట్టీ చూసేది, కాలు చూసేది, మళ్లీ పట్టీ చూసేది. నన్ను ఏమీ అడగలేదు. ఓపికగా మళ్లీ నేర్పింది. నేను తలాడించాను.

ఒక శనివారం ఆమె ఒక ఆట పెట్టింది. ఈడు కలిసిన నలుగురు పిల్లలను వరసగా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, చచ్చుబడిన కాలు మాత్రం బయటికి పెట్టింది. వాళ్లకు రోజూ పామేవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి కళ్లకు తువ్వాలు కట్టి, మీ బిడ్డ కాలు ఏదో చేత్తో పట్టుకుని చెప్పమంది. అందరూ నవ్వుకున్నారు. ఒక తల్లి మొదటి కాలిని ముట్టుకోగానే కాదని పక్కకు జరిగి, రెండోదాని మీద చెయ్యి వేసి అక్కడే ఆగిపోయింది. ఒక ముసలవ్వ అయితే పిక్క దాకా కూడా పోలేదు, మడమ తడిమి, "ఇదీ మాది," అంది. అందరికీ తెలిసింది. వేళ్లకు తెలుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నా వంతు వచ్చింది. నాలుగు కాళ్లూ తడిమాను. నాలుగూ సన్నగా, చల్లగా ఒకేలా ఉన్నాయి. రెండోసారి తడిమాను. చివరికి ఏదో ఒకటి పట్టుకుని ఇదే అనబోతుంటే, అటు చివర దుప్పటి కింద నుంచి చిన్న దగ్గు వినిపించింది. మా వాడికి దగ్గేమీ లేదు, నాకోసమే దగ్గాడు. నేను గబగబా అటు జరిగి ఆ కాలు పట్టుకున్నాను. జనం నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. నా కళ్లకు కట్టిన తువ్వాలు తానే విప్పి, నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని అరచేతులు తిప్పి చూసింది. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే షావుకారు వచ్చాడు. ఆయన మూడు నెలలకోసారి వచ్చి పట్టీలన్నీ తిరగేసేవాడు. ఇంగ్లీషు రాకపోయినా గళ్లు చదవడం ఆయనకు వచ్చు. మా వాడి పట్టీ దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"ఈ పిల్లోనికి ఒక్క పూట కూడా తప్పలేదు. అయినా కాలు ముడుచుకుంటానే ఉండాదే. అంటే ఇది చేతులతో అయ్యే పని కాదనే గదా, డాక్టరమ్మా?"

"ఆ పట్టీ లెక్కలోకి రాదండీ. అది నిజం కాదు. ఈ పొద్దే తెలిసింది."

"ఎవరు రాసినారు? ఎవరి పిల్లోడు?"

ఆమె నా వైపు చూడలేదు. నేను ఆమెకు రెండడుగుల దూరంలో తమ్ముడిని చంకన వేసుకుని నిలబడి ఉన్నాను. మా అమ్మ ఆయన మిల్లులోనే కాయలు వలుస్తుందని ఆమెకు తెలుసు.

"రాసింది ఎవరైనా, నమ్మింది నేను. ఆ ఇంట్లో పగలు పెద్దవాళ్లు ఉండరని తెలిసి కూడా ఒక్కసారి పోయి చూడలేదు. తప్పు నాదే."

షావుకారు పట్టీలు బల్ల మీద పెట్టేశాడు. "ఒకటి అబద్ధమైతే, తక్కినవి నిజమని నేనెట్ల నమ్మేది?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే వేరేదేదో ఉంది. ఇంకోసారి మోసపోయినవాడి గొంతు అది. ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో, ఎంతమంది మాటలు నమ్మాడో నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం నా భయమే నాకు పెద్దది. నేనే అయ్యా, మిగతావాళ్లు రోజూ చేస్తున్నారు, వాళ్ల వేళ్లకు తెలుసు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ నెల నుంచి డబ్బు ఆగింది. నర్సు వెళ్లిపోయింది. డాక్టరమ్మ వెళ్లలేదు. సోమవారం సాయంత్రం నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. అమ్మకు ఏమీ చెప్పలేదు, పిల్లకు ఇంకొంచెం నేర్పాలి అంది. నేల మీద కూర్చుని మళ్లీ నా చేతులను తన చేతుల కింద పెట్టుకుంది. నన్ను తిట్టలేదు. అమ్మ లోపలికి పోయాక మాత్రం ఒక్క మాట అంది. "గడి ఖాళీగా వదిలితే నాకు కోపం రాదు పాపా. ఎందుకు ఖాళీ అని అడుగుతా, నువ్వు చెప్తావు, ఇద్దరం ఏదో ఒకటి ఆలోచిస్తాం. నింపేస్తే నేనింక అడగలేను కదా."

నేను ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది కానీ పామడం ఆపనివ్వలేదు. ఆ రోజు నుంచి నేను ఒక్క పూట కూడా తప్పలేదు. అలాగే ఆమె ఊళ్లో ఉన్న పిల్లలందరి ఇళ్లకూ తిరిగి కళ్లారా చూసి రాసుకుంది. మూడు నెలల తర్వాత షావుకారే ఒక శనివారం చెప్పకుండా వచ్చి, మూలన బల్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. పై వారం కూడా వచ్చాడు. ఆ తర్వాత డబ్బు మళ్లీ మొదలైంది.

కానీ ఆ మూడు నెలలూ బస్సు ఛార్జీలు లేక దూరపు పిల్లలు రావడం మానేశారు. ఆత్మకూరు పిల్ల కూడా రాలేదు. డాక్టరమ్మ కబురు పెడితే, ఆ కుటుంబం పనులు వెతుక్కుంటూ సుగ్గి వలసకు పోయిందని, ఏ ఊరో తెలియదని జవాబు వచ్చింది. మూడడుగులు వేసిన పిల్ల నాలుగో అడుగు వేసిందో లేదో నాకు తెలియదు. నా పాపాల్లో అన్నిటికంటే బరువైనది ఆ పిల్లే. తమ్ముడికి చేసినదానికి తమ్ముడు ఎదురుగా ఉన్నాడు, ఆ పిల్ల లేదు.

రెండేళ్లకు డాక్టరమ్మ తేల్చింది. జ్వరం తగ్గిన మొదటి ఏడాదిలో రోజూ తప్పకుండా చేస్తే చాలామందికి కాలు కొంతైనా నిలుస్తుందని, ఆలస్యమైతే ముడుచుకున్నది పూర్తిగా సాగదని ఆమె రాసిన కాగితాలు పాస్టరయ్య మాకు చదివి వినిపించాడు. ఆ కాగితాల్లో మా వాడు లేడు. మా వాడి మొదటి ఏడాదిలో చాలా భాగం నేను కాలువగట్టు మీద ఆడుకున్నాను. వాడు కర్ర సాయంతో నడిచాడు, చదువుకున్నాడు, బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో చెప్పే ఉద్యోగం చేశాడు. మోకాలు మాత్రం ఎన్నడూ పూర్తిగా సాగలేదు.

వాడికి నలభై ఏళ్లు దాటాక ఒకసారి క్షమించమని అడిగాను. "నేనూ గళ్లు నింపినా గదక్కా, నొప్పి తప్పిందని సంతోషపడినా," అన్నాడు. వాడు నా బరువు సగం పంచుకోవాలని అన్నాడని నాకు తెలుసు. కానీ వాడికి అప్పుడు ఆరేళ్లు. నాకు పదకొండు.

దేవుడికి ప్రతి ఆదివారం చెప్పుకున్నాను. ఆయనకు చెప్పడం సులువు. షావుకారుకు చెప్పలేదు, ఆయన పోయాడు. డాక్టరమ్మ పని ముగించుకుని ఊరు విడిచి వెళ్లే రోజు బస్సు దాకా పోయి కూడా, అమ్మా ఆ రోజు నేను మాట్లాడాల్సింది అని అనలేక, ఆమె సంచి అందించి తిరిగి వచ్చాను.

ఇప్పుడు ఇంట్లో ఏది జరిగినా, పాలు పొంగిపోయినా, తలుపు గడియ వెయ్యడం మరిచినా, ఎవరూ అడగకముందే నేనే అని ముందుగా అనేస్తాను. ఒక్కోసారి నాది కాకపోయినా అంటాను. అత్తమ్మకు తొందరెక్కువ అని మా కోడలు నవ్వుతుంది. నేనూ నవ్వి ఊరుకుంటాను. చెప్పాల్సిన చోట ఆ ఒక్క మాట నేను చెప్పలేదని ఆమెకు తెలియదు.