మెట్లెక్కలేనివాళ్లకు కింద రూము

మా అత్తమ్మ ఫోనులో మాట్లాడితే గోదావరి అవతల బూర్గంపాడులో ఉన్న మా బావగారికి వినబడాలి. ఆమెకు సెల్‌ఫోను కొనడమే దండగని నేను చాలాసార్లు అన్నాను. భద్రాచలంలో మా ఇంటి మేడమీద ఆరు గదులున్నాయి. రాములవారి దర్శనానికి వచ్చేవాళ్లకు కిరాయికిస్తాం. కింద వంటిల్లు, హాలు, అత్తమ్మ గది, మా ఆయనా నేనూ ఉండే గది, అంతే.

చుట్టూ కొత్త లాడ్జీలు లేచాక మా గదులు ఖాళీగా పడి ఉండటం మొదలైంది. బావగారు వచ్చి తేల్చేశారు. దసరాలోగా గదులు నిండకపోతే ఇల్లు మొత్తం ఒక కాంట్రాక్టరుకు కిరాయికిచ్చేద్దాం, అమ్మ నా దగ్గరికి వచ్చేస్తుంది, మీరిద్దరూ వేరే ఇల్లు చూసుకోండి అన్నారు. మా ఆయన అన్నగారి ముందు నోరు విప్పే రకం కాదు. అత్తమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నలుగురు తిరిగే ఇంట్ల బతికినదాన్నిరా. ఆడ పొద్దంత టీవీ ముంగట కూసోమంటవా?" అంది. బావగారు వెళ్లిపోయాక ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. అది చూసి, గదులు నింపడానికి నెట్‌లో ఒక వెబ్‌సైట్ పెడదామనుకున్నాం.

పెళ్లికి ముందు ఖమ్మంలో కంప్యూటరు ఆపరేటరుగా చేశాను కదా, వెబ్‌సైట్ పని నా నెత్తిన పడింది. నేను మహా గొప్పగా 'భద్రాచలంలో ఉత్తమ లాడ్జి' అని రాశాను. 'ఆధ్యాత్మిక ప్రశాంతత' అని కూడా రాశాను, ఇంట్లో అత్తమ్మ గొంతు పెట్టుకుని! నెట్‌లో 'భద్రాచలం రూములు' అని కొడితే పెద్దపెద్ద బుకింగ్ కంపెనీలన్నీ వరసగా వచ్చేవి. మా ఇల్లు ఎక్కడో అట్టడుగున ఉండేది. సైటు చూసేది నేనూ మా తమ్ముడూ. వాడు కూడా నేను తిడితేనే చూసేవాడు.

ఒక మధ్యాహ్నం హాల్లో కూర్చుని ఆ సైటుతో తల బద్దలు కొట్టుకుంటున్నాను. పక్కనే అత్తమ్మ ఫోనులో మొదలుపెట్టింది.

"అవ్ బిడ్డా, పుట్టువెంట్రుకలా? మేనమామ వస్తుండా మరి? ఆయన ఒళ్లెనే కూసోబెట్టాలె గద. గుండు కాంగనే పిలగానికి వేడినీళ్లు నేను కాగబెడ్త. నువ్వేం ఫికర్ చెయ్యకు."

మెల్లగా మాట్లాడండి అత్తమ్మా అని విసుక్కోబోయి ఆగిపోయాను. ఫోను చేసేవాళ్లు ఒక్కరైనా 'ఉత్తమ లాడ్జి' అని అడిగారా? పిల్లాడికి వేడినీళ్లుంటాయా, వంట చేసుకోనిస్తారా, పొద్దున బస్సు దిగి సాయంత్రం వెళ్లిపోతాం ఇస్తారా, ఇవే అడుగుతున్నారు. ఫోనులో ఏది అడుగుతారో నెట్‌లోనూ అదే కొడతారు! అట్లా కొట్టేవాళ్లు కొందరే ఉండొచ్చు. కానీ పెద్ద కంపెనీలు ఈ మాటలు రాయవు కాబట్టి ఆ కొందరికీ మేమే కనబడతాం.

నా ఆధ్యాత్మిక ప్రశాంతతను తీసి పారేశాను. 'భద్రాచలంలో పుట్టువెంట్రుకలు తీయించాక బిడ్డకు వేడినీళ్లు దొరికే రూము' అని ఒక పేజీ పెట్టాను. 'వంట చేసుకోనిచ్చే రూములు' అని ఇంకోటి. అత్తమ్మ ఫోనులో చెప్పే జవాబులే కింద రాశాను. మోకాళ్ల నొప్పులున్నాయి, కింద రూముందా అని ఎవరడిగినా ఆమె "ఎందుకు లేదు, ఉన్నది, రండ్రి" అనేది. ఆ జోరులో అదీ రాసేశాను.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఒకరోజు ఫోను నేనెత్తితే, వేడినీళ్ల రూము అని కొడితే మీదే మొదట వచ్చిందండీ అన్నారు. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. అత్తమ్మ పకపకా నవ్వింది.

"నీ కంప్యూటరు నా లెక్కనే మాట్లాడుతున్నదా ఏంది?"

దసరా దగ్గరపడేసరికి మేడమీద సందడే సందడి. గుండుకు గంధం రాసుకున్న పిల్లలు వరండాలో పరుగులు, డాబా మీద పులిహోర తిరగమోత. అయినా బావగారు నమ్మలేదు. కాంట్రాక్టరును వెంటబెట్టుకుని వస్తున్నానని ఫోను చేశారు.

ఆయన వచ్చేలోపే వాకిట్లో ఆటో ఆగింది. మధిర నుంచి ఒక పెద్దావిడ, ఆమె కూతురు దిగారు. కూతురు ఫోను చూపించి, "మెట్లెక్కలేనివాళ్లకు కింద రూము అని మీరే రాశారు కదండీ" అంది. కింద కిరాయి గది ఎక్కడుంది? ఇంటి కోడలిని, నాకా తెలియనిది!

"అత్తమ్మా, ఏ రూము?" అని చెవిలో అడిగాను.

"గట్ల జూస్తవేంది పిల్లా? నా రూము లేదా?"

అప్పటికే తన దిండూ దుప్పటీ హాల్లో మంచం మీద పడేసింది. ఇన్నాళ్లూ ఫోనులో ఉన్నదన్నది తన గదేనన్నమాట! తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ఆమెను గట్టిగా వాటేసుకోవాలనిపించింది.

పెద్దావిడ అత్తమ్మ గదిలో మంచం అంచున కూర్చుని మోకాళ్లు నిమురుకుంది. "ఎక్కడ అడిగినా పైకే ఎక్కమన్నారమ్మా. ఉన్న ఓపికంతా గుడి మెట్ల కోసం దాచుకున్నాను" అంది.

బావగారు కాంట్రాక్టరుతో వచ్చేసరికి గుమ్మంలో చెప్పులు విడిచే చోటు కూడా లేదు. ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు.

"ఏం సూపిస్తవురా సారుకు? పైన ఆరూ నిండినయ్. ఇంట్ల నాకే రూము లేదు" అంది అత్తమ్మ.

"మరి నువ్వెక్కడ పడుకుంటవమ్మా?"

"గీడనే. పోయేటోళ్లూ వచ్చేటోళ్లూ అందరూ నా ముంగట్నుంచే పోవాలె."

బావగారు హాల్లోని దిండును చూశారు, తల్లి మొహం చూశారు. ఆయన నవ్వగా చూడటం నాకు ఆ ఏడాదిలో అదే మొదటిసారి. "పదండి సార్, ఇంకో ఇల్లు చూద్దాం" అని కాంట్రాక్టరుతో అంటుండగానే ఫోను మోగింది. అత్తమ్మ ఎత్తింది.

"మోకాళ్ల నొప్పులా? అయ్యో, ఉన్నది బిడ్డా, కిందనే రూమున్నది. జల్దీ రండ్రి!" అని బూర్గంపాడు దాకా వినబడేట్టు చెబుతూ, ఖాళీ చెయ్యమన్నట్టు మా గది వైపు నాకు చెయ్యి చూపించింది.